వానను పసిగట్టే వైపర్లు: అద్దం లోపల ఏం జరుగుతుంది?

మీటను ఒకసారి ‘ఆటో’లో పెడితే చాలు, చినుకు పడగానే వైపర్లు వాటంతట అవే కదులుతాయి. జోరు పెరిగితే వేగం పెంచుతాయి, వాన వెలిస్తే ఆగిపోతాయి. ఈ ఏర్పాటు ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితం. ఇప్పుడు మధ్యశ్రేణి కార్లలోనూ కనిపిస్తోంది. వాడేవారి ఫిర్యాదులు మాత్రం పాతవే. ఎండ కాస్తుండగా వైపర్లు ఉన్నట్టుండి ఓసారి పొడి అద్దాన్ని గీసిపోతాయి. ఎదుటి రోడ్డు మసకబారేంత తుంపర పట్టినా కదలవు. ఈ రెండు తప్పులకూ మూలం ఒక్కటే. ఆ పరికరానికి వాన కనబడదు. తాను పంపిన వెలుగులో ఎంత తిరిగి వచ్చింది, ఎంత రాలేదు అన్నదే దానికి తెలుసు. మిగిలినదంతా ఆ లెక్క మీద వేసే అంచనా. ఆ అంచనా ఎలా వేస్తుందో తెలుసుకుంటే, దాన్ని ఎప్పుడు నమ్మవచ్చో, ఎప్పుడు మీట మీద చెయ్యి వేసుకోవాలో తేలిగ్గా అర్థమవుతుంది.

వైపర్‌కు అమెరికాలో మేరీ ఆండర్సన్ 1903 నవంబరులో పేటెంటు పొందారు. లోపల కూర్చుని చేత్తో మీట తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు అది. తర్వాత చేతి పని మోటారుకు మారింది కానీ, చాలా కాలం పాటు వైపర్లకు ఆగకుండా ఆడటం, పూర్తిగా ఆగిపోవడం తప్ప మరొకటి తెలియదు. సన్నటి జల్లులో ఇది పెద్ద చికాకు. తుడవాల్సినంత నీరు అద్దం మీద చేరకముందే రబ్బరు మళ్లీ వచ్చి కీచుమంటూ గీస్తుంది. ఆపేస్తే అర నిమిషంలో దారి కనబడదు. ఈ చిక్కుకు ఎలక్ట్రానిక్స్‌తో విరుగుడు చెప్పినవారు అమెరికన్ ఇంజినీరు రాబర్ట్ కియర్న్స్. షాంపేన్ సీసా మూత తగిలి ఒక కంటి చూపు దాదాపు కోల్పోయిన ఆయనకు, కన్ను రెప్ప వేసినట్టు వైపర్ కూడా మధ్యమధ్యలో ఆగి ఎందుకు ఆడకూడదన్న ఆలోచన వచ్చింది. కెపాసిటర్‌లో విద్యుత్తు నిండడానికి పట్టే సమయాన్నే విరామంగా వాడుకుని, అది నిండగానే మోటారు ఒక చుట్టు తిరిగేలా సర్క్యూట్ తయారుచేసి 1964లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆ పేటెంట్ల కోసం పెద్ద కార్ల కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 1990లో ఫోర్డ్ ఆయనకు కోటి డాలర్లకు పైగా చెల్లించింది.

అయితే ఆ విరామం ఎంత ఉండాలో చెప్పాల్సింది అప్పటికీ డ్రైవరే. వాన ఒకే తీరుగా ఉండదు. వంతెన కింద ఆగుతుంది, మలుపు తిరగగానే ముంచెత్తుతుంది, ఎదురుగా లారీ వస్తే ఆకాశంతో పనిలేకుండానే అద్దం నిండిపోతుంది. ఆ నిర్ణయాన్ని కారుకే వదిలిన తొలి ప్రయత్నాల్లో 1970 నాటి సిట్రోయెన్ ఎస్ఎం కారుది ఒకటి. అందులో వానను కొలిచే సెన్సర్ లేదు. వైపర్ మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసేవారు. పొడి అద్దం మీద రబ్బరు రాపిడి ఎక్కువ, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. తడి అద్దం మీద జారుతుంది కాబట్టి తక్కువ లాగుతుంది. దాన్నిబట్టి విరామం పెరుగుతుంది, తగ్గుతుంది. చక్కని ఊహ. కానీ తుడిచి చూస్తే తప్ప అద్దం తడిసిందో లేదో దానికి తెలియదు. మొదటి చినుకును పట్టుకోవాలంటే, తుడవకుండానే అద్దం స్థితి తెలియాలి. ఆ పని వెలుగు చేయగలదు.

ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడేది వెలుగుతో పనిచేసే సెన్సరే. ముందు అద్దానికి లోపలివైపు, రియర్‌వ్యూ అద్దం వెనకాల, అగ్గిపెట్టెంత పెట్టె అద్దానికి అంటుకుని ఉంటుంది. బయటి నుంచి చూస్తే అద్దం అంచున ఉన్న నల్లటి పూత మధ్యలో గుండ్రటి కిటికీలా కనిపించేది అదే. పెట్టెలో కంటికి కనబడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతినిచ్చే ఎల్ఈడీలు, ఆ కాంతిని అందుకునే ఫోటోడయోడ్లు ఉంటాయి. ఎల్ఈడీ నుంచి వెలుగు అద్దంలోకి ఏటవాలుగా, సాధారణంగా 45 డిగ్రీల కోణంతో (ఇక్కడ కోణాలన్నీ తలానికి నిట్టనిలువుగా గీసిన గీత నుంచి కొలిచినవి) ప్రవేశించి, అద్దం బయటి తలాన్ని లోపలి నుంచి తాకుతుంది. అక్కడి నుంచి మళ్లీ లోపలికి తిరిగి ఫోటోడయోడ్‌ను చేరుతుంది.

ఆ 45కు కారణం ఉంది. వెలుగును ఒక పదార్థం ఎంత వంచుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. అద్దానికి అది దాదాపు 1.52, నీటిది 1.33, గాలిది 1. అద్దంలో ప్రయాణిస్తున్న కిరణం అవతల గాలి ఉన్న తలాన్ని 41 డిగ్రీల కంటే ఎక్కువ కోణంతో తాకితే బయటికి పోలేదు. మొత్తం వెనక్కి మళ్లుతుంది. స్కూలు పాఠాల్లో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుకున్నది ఇదే, ఆ 41 డిగ్రీలే సందిగ్ధ కోణం. అవతల గాలికి బదులు నీరుంటే ఈ హద్దు 61 డిగ్రీలకు పెరుగుతుంది. 45 ఈ రెండు హద్దుల నడుమ ఉంది. అందుకే పొడి అద్దం ఆ కిరణాన్ని పూర్తిగా తిప్పి పంపుతుంది. చినుకు ఉన్న చోట మాత్రం కిరణం నీటిలోకి జారిపోతుంది. అద్దం, నీరు కలిసే తలం దగ్గర వెనక్కి మళ్లేది నూటికి ఒకటి రెండు వంతులే.

చాలా వివరణలు ఇక్కడితో ముగుస్తాయి. పొడిగా ఉంటే వెలుగు తిరిగి వస్తుంది, తడిస్తే బయటికి పోతుంది అని సరిపెడతాయి. అది సగం నిజం. అద్దం మీద నీరు చినుకులుగా కాకుండా, ఎత్తుపల్లాలు లేని పలుచని పొరగా పరుచుకుందనుకుందాం. 45 డిగ్రీలతో వచ్చిన కిరణం నీటిలోకి వెళ్లగానే వంగి, దాదాపు 54 డిగ్రీల కోణానికి చేరుతుంది. ఇప్పుడు దానికి ఎదురయ్యేది నీటి పైతలం, ఆ అవతల గాలి. నీటికీ గాలికీ మధ్య సందిగ్ధ కోణం దాదాపు 49 డిగ్రీలు. 54 అంతకంటే ఎక్కువ కాబట్టి కిరణం అక్కడా బయటపడలేదు. నీటి పైతలం నుంచి వెనక్కి మళ్లి, అద్దంలోకి తిరిగి అదే 45 డిగ్రీలతో దిగి, కాస్త పక్కకు జరిగి ఫోటోడయోడ్ వైపే వస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎన్ని పొరలు పేర్చినా, అవన్నీ సమాంతరంగా ఉన్నంత వరకూ ఫలితం మారదు.

అంటే వెలుగు దారి తప్పడానికి నీరు ఒక్కటే చాలదు, ఆ నీటికి ఒంపు ఉండాలి. చినుకు అద్దం మీద గోపురంలా నిలుస్తుంది. లోపలికి వచ్చిన కిరణం ఆ వంపు తలాన్ని ఒక్కో చోట ఒక్కో కోణంతో తాకుతుంది. కొన్ని చోట్ల 49 కంటే తక్కువ కోణం పడి వెలుగు బయటికి పోతుంది. మరికొన్ని చోట్ల వెనక్కి మళ్లినా, ఫోటోడయోడ్ లేని వైపుకు పోతుంది. ఎటైనా సెన్సర్ లెక్కలో అది రాని వెలుగే. ఈ సూక్ష్మం తెలిస్తే సెన్సర్ ప్రవర్తనలో చాలా సంగతులు బోధపడతాయి. మంచి రబ్బరు తుడిచాక అద్దం మీద కంటికి ఆననంత పలుచగా, సమంగా మిగిలే తడి దాన్ని పెద్దగా కలవరపెట్టదు. అరిగిపోయిన రబ్బరు వదిలే చారలు మాత్రం కలవరపెడతాయి, ఎందుకంటే చారకు అంచులుంటాయి, అంచుకు ఒంపు ఉంటుంది. కుండపోత వానలో అద్దమంతా నీటి పొరే అయినా, పడే చినుకులూ గాలీ ఆ పొరను క్షణక్షణం అలలుగా రేపుతూనే ఉంటాయి కాబట్టి సెన్సర్‌కు సంకేతం అందుతూనే ఉంటుంది. ముందు అద్దం నిజానికి ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొరను అతికించి తయారుచేస్తారు. ఆ పొర వెలుగుకు అడ్డు రాకపోవడానికీ కారణం ఇదే. అది సమాంతరంగా ఉంటుంది, పైగా దాని వక్రీభవన గుణకం గాజుకు చాలా దగ్గర.

మరో చిక్కు అద్దం లోపలివైపు ఉంది. గాలిలోంచి చదునైన గాజులోకి ఎంత ఏటవాలుగా వెలుగు పంపినా, లోపలికి వెళ్లాక దాని కోణం 41 డిగ్రీలు దాటదు. మనకు కావలసింది 45. కాబట్టి సెన్సర్‌కూ అద్దానికీ మధ్య గాలి ఉండటానికి వీల్లేదు. అందుకే ఆ రెంటి మధ్య పారదర్శకమైన సిలికోన్ జెల్ లాంటి మెత్తని పొరను నొక్కి అతికిస్తారు. చూడటానికి అల్పమైన ఆ జిగట పొర మీదే మొత్తం ఏర్పాటు ఆధారపడి ఉంది. దానిలో ఒక గాలి బుడగ చిక్కితే, ఆ మేరకు వెలుగు అద్దంలోకి సరైన కోణంతో వెళ్లనే వెళ్లదు. బయట చుక్క నీరు లేకపోయినా, అంత భాగం సెన్సర్‌కు శాశ్వతంగా గుడ్డిదైనట్టే.

పగటిపూట అద్దం మీద పడే సూర్యకాంతిలోనూ పరారుణం దండిగా ఉంటుంది. దాని ముందు చిన్న ఎల్ఈడీ ఏపాటిది? అందుకని ఎల్ఈడీని నిలకడగా వెలిగించకుండా, చాలా వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటారు. వెలిగినప్పుడు అందిన కాంతిలోంచి ఆరినప్పుడు అందిన కాంతిని తీసేస్తే, మిగిలేది తన సొంత వెలుగు. ఎండ, వీధి దీపాలు, ఎదురు వాహనాల హెడ్‌లైట్లు ఆ తీసివేతలో చాలావరకు పోతాయి. చెట్ల వరుస పక్కన పోతున్నప్పుడు నీడా ఎండా చకచకా మారుతుంటే, ఈ తీసివేతకు కొంత పరీక్షే.

ఇంత చేసినా చేతికి వచ్చేది ఒక్క అంకె: ఇప్పుడు ఎంత వెలుగు తిరిగి వచ్చింది. దాన్ని చూసి వాన పడుతోందని తేల్చడం సులువు కాదు. అద్దం మీద దుమ్ము పేరుకున్నా, రాయి తగిలి గాజు చిట్లినా ఆ అంకె పడిపోతుంది. ఎల్ఈడీ వేడెక్కితే దాని వెలుగే తగ్గుతుంది. అందుకని సెన్సర్‌లోని ప్రోగ్రామ్ అంకె విలువను కాక, అది మారే తీరును గమనిస్తుంది. మారకుండా ఉన్నది మురికి, మారుతూ ఉన్నది వాన అన్నది దాని మౌలిక సూత్రం.

ఒక్క తుడుపును దగ్గరగా చూద్దాం. అద్దం పొడిగా ఉంది, అంకె నిలకడగా ఉంది. సెన్సర్ ఎదుట ఒక చినుకు పడుతుంది, అంకె టక్కున ఒక మెట్టు దిగి అక్కడే ఉంటుంది. రెండో చినుకు, మరో మెట్టు. మెట్లు ఎంత లోతుగా ఉన్నాయి, ఎంత దగ్గర దగ్గరగా పడుతున్నాయి అన్నదే వాన జోరు. నిర్ణీత హద్దు దాటగానే వైపర్‌కు ఆదేశం వెళుతుంది. రబ్బరు సెన్సర్ మీదుగా దాటేటప్పుడు, దాని ముందు తోసుకుపోయే నీటి కట్ట వల్ల అంకె ఒక్కసారి లోతుగా పడి లేస్తుంది. అది వాన కాదని ప్రోగ్రామ్‌కు తెలుసు. రబ్బరు దాటిపోయాక అంకె పూర్వస్థితికి వస్తే అద్దం శుభ్రపడినట్టు. అక్కడి నుంచి మళ్లీ హద్దు చేరడానికి పట్టే కాలాన్ని బట్టి తర్వాతి విరామం నిర్ణయమవుతుంది. తుడిచినా అంకె పైకి రాలేదంటే అక్కడున్నది నీరు కాదు, అంటుకుపోయిన పురుగో పక్షి రెట్టో అయి ఉండాలి. ఒకటి రెండు ప్రయత్నాల తర్వాత ఆ కొత్త స్థాయినే సాధారణ స్థితిగా ఒప్పుకుంటుంది. ఎండలో కారణం లేకుండా వైపర్ ఒకసారి ఆడి ఊరుకోవడం వెనక చాలాసార్లు జరిగేది ఇదే.

ఈ నిర్ణయం సెన్సర్ నుంచి కారు కంట్రోల్ యూనిట్‌కు సాధారణంగా లిన్ అనే ఒంటి తీగ మార్గంలో వెళుతుంది. సెకనుకు గరిష్ఠంగా 20 వేల బిట్లు మోయగల నిదానమైన మార్గం. వైపర్ ఎంత వేగంగా ఆడాలో చెప్పడానికి అంతకంటే అక్కర్లేదు. నిబంధనలు అడిగే వేగాలూ పెద్దవేమీ కావు. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం వైపర్లకు కనీసం రెండు వేగాలుండాలి. ఎక్కువ వేగంలో నిమిషానికి కనీసం 45 సార్లు, తక్కువ వేగంలో కనీసం 20 సార్లు ఆడాలి, రెండింటి మధ్య కనీసం 15 తేడా ఉండాలి.

ఈ పద్ధతిలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. అది ఆకాశంలోని వానను కాక, అద్దానికి తగిలే వానను కొలుస్తుంది. నిలిచి ఉన్న కారు అద్దం మీద పడే చినుకుల కంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో అదే వానలోకి దూసుకుపోయే కారు అద్దానికి తగిలే చినుకులు ఎన్నో రెట్లు ఎక్కువ. చేత్తో విరామం సరిచేసుకునే డ్రైవరు వేగం మారిన ప్రతిసారీ మీట తిప్పాలి. సెన్సర్‌కు ఆ సవరణ దానంతటదే అందుతుంది. లారీ చిమ్మిన నీటికి కూడా అంతే: అంకె ఒక్కసారిగా పడిపోతుంది, విరామాలన్నీ పక్కనపెట్టి వైపర్ వెంటనే కదులుతుంది. ముంచెత్తిన నీటిలో చెయ్యి మీట కోసం వెతుక్కునే ఆ ఒకటి రెండు సెకన్లు మిగలడం చిన్న మేలు కాదు. అంత వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది.

బలహీనతలు కూడా ఆ కొలతలోనే ఉన్నాయి. ముందు అద్దం విస్తీర్ణం సుమారు పదివేల చదరపు సెంటీమీటర్లనుకుంటే, సెన్సర్ చూసేది అందులో కొద్ది చదరపు సెంటీమీటర్లే. చినుకులు దట్టంగా ఉన్నప్పుడు ఆ కొద్ది చోటు మొత్తం అద్దానికి ప్రతినిధిగా నిలుస్తుంది. పెద్ద చినుకులు అక్కడొకటి ఇక్కడొకటి పడుతున్నప్పుడు, డ్రైవరు కళ్లెదుట నాలుగు పడినా సెన్సర్ ముందు ఒక్కటీ పడకపోవచ్చు. అది మొద్దుబారడం కాదు, నమూనా చిన్నదవడం. మీట మీదుండే సున్నితత్వం చక్రం తిప్పినా ఈ లోటు పూర్తిగా తీరదు. చక్రం మార్చగలిగేది ఎంత తగ్గుదలకు స్పందించాలన్న హద్దునే, లేని చినుకును అది తెచ్చిపెట్టలేదు.

తుంపర సంగతి ఇంకా చిక్కు. దాని బిందువులు అర మిల్లీమీటరు కంటే చిన్నవి. అవి అద్దం మీద కప్పే చోటు తక్కువ కాబట్టి సెన్సర్‌కు అందే తగ్గుదల స్వల్పం, అదీ మెట్లుగా కాక మెల్లగా జారుతుంది. కంటికి మాత్రం, ముఖ్యంగా రాత్రి, ఆ వేల బిందువుల్లో ప్రతి ఒక్కటీ ఎదురు హెడ్‌లైటు వెలుగును చెదరగొట్టి చూపును కమ్మేస్తుంది. కంటిని బాధించేదీ సెన్సర్ కొలిచేదీ ఇక్కడ వేరువేరు. చాలా కార్లలో వాన సెన్సర్‌తో పాటు అదే పెట్టెలో బయటి వెలుతురును కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. చీకటి పడితే హెడ్‌లైట్లు వేయడానికే కాక, వైపర్లను కొంచెం త్వరగా స్పందించేలా చేయడానికీ అది పనికొస్తుంది. అయినా రాత్రి తుంపరలో మీటను చేత్తో తాకడం మేలు. అది సెన్సర్ మీద అపనమ్మకం కాదు, దాని పరిధిని గుర్తించడం.

మంచు దేశాల్లో మరో రకం గందరగోళం. గడ్డకట్టిన మంచు వక్రీభవన గుణకం 1.31, నీటికి చాలా దగ్గర. అద్దానికి పట్టిన గరుకు మంచు గడ్డ సెన్సర్‌కు వానలాగే తోస్తుంది. వైపర్ రబ్బరు అద్దానికి అతుక్కుపోయి ఉన్నప్పుడు మోటారును కదలమంటే రబ్బరు చిరగవచ్చు, మోటారు దెబ్బతినవచ్చు. పొడి మంచు రేకులు దీనికి పూర్తిగా భిన్నం. అవి అద్దాన్ని అక్కడక్కడా తాకుతాయే గాని మధ్యలో గాలి ఉంటుంది, వెలుగు మామూలుగానే తిరిగి వస్తుంది. ఎదుట తెల్లటి తెర కమ్మినా సెన్సర్‌కు అద్దం పొడిగానే కనిపిస్తుంది. నీటిని నిలవనివ్వని పూతలు కూడా కొంత తేడా తెస్తాయి. వాటి మీద చినుకు పొట్టిగా పరుచుకోకుండా గుండ్రటి ఉండలా నిలబడి, అద్దాన్ని తక్కువ చోట తాకుతుంది, గాలి వేగానికి దొర్లిపోతుంది. వెలుగు తప్పించుకునే ద్వారం చిన్నదవుతుంది కాబట్టి వైపర్ స్పందన మునుపటిలా ఉండదు.

వెలుగుకు బదులు ఇతర దారులూ ఉన్నాయి. విద్యుత్ క్షేత్రానికి ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె డైఎలెక్ట్రిక్ స్థిరాంకం. నీటికి అది దాదాపు 80, గాలికి 1. ఈ భారీ తేడాను అద్దం మీద అమర్చిన ఎలక్ట్రోడ్లతో కొలవవచ్చు. చదునైన నీటి పొర కూడా దానికి దొరుకుతుందన్నది ఈ పద్ధతికి అదనపు బలం. మరోవైపు, డ్రైవర్‌కు తోడ్పడే కెమెరాలు ఎలాగూ అద్దం వెనకే ఉంటున్నాయి కాబట్టి, టెస్లా విడి సెన్సర్‌ను మానేసి కెమెరా చిత్రాల నుంచే వానను గుర్తించే దారి పట్టింది. ఆలోచనలో సబబు ఉంది. చూపు చెదురుతోందా అన్న అసలు ప్రశ్నకు కెమెరా దగ్గరగా ఉంటుంది. కానీ అది దూరాన ఉన్న రోడ్డు మీద దృష్టి నిలిపేది. కటకానికి చేరువలో అద్దం మీదున్న చినుకు దానికి మసక మచ్చలా కనబడుతుంది. ఎదురు ఎండ, చీకటి, తడి రోడ్డు తళుకు కూడా అలాంటి మచ్చలనే పుట్టించగలవు. వెలుగు సెన్సర్‌కు ఎండతో పెద్దగా పేచీ లేదు, చీకటితోనూ లేదు. కెమెరానూ వెలుగు సెన్సర్‌నూ కలిపి వాడటమే మెరుగైన దారి. ఒక భాగం ఖర్చు మిగుల్చుకోవడానికి దశాబ్దాలుగా కుదురుకున్న సెన్సర్‌ను తీసేయడం కారు కొన్నవారికి మేలు చేసే మార్పు కాదు.

వాడకంలో గుర్తుంచుకోవలసినవి కొన్నే. యంత్రాలతో కారు కడిగించేటప్పుడు ఆటోను తప్పక ఆపాలి. లేకపోతే తిరిగే బ్రష్షుల మధ్య వైపర్ లేచి విరగవచ్చు. అద్దాన్ని తడిగుడ్డతో తుడిచేటప్పుడు కూడా అంతే, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే చేతి కిందే వైపర్ కదలవచ్చు. రబ్బరు చారలు వదులుతుంటే సెన్సర్‌ను అనుమానించే ముందు రబ్బరు మార్చాలి. సెన్సర్ ఎదుట ఉన్న చోటును అప్పుడప్పుడు శుభ్రంగా తుడవాలి.

అన్నిటికంటే ఎక్కువ చెడేది ముందు అద్దం మార్చినప్పుడు. పాత జెల్ పొరనే మళ్లీ అతికించడం, దుమ్ము పడ్డ చేతులతో దాన్ని తాకడం, బుడగలు పోయేలా నొక్కకపోవడం తరచుగా జరిగే పొరపాట్లు. సెన్సర్ కిటికీ లేని అద్దం బిగిస్తే ఇక చెప్పేదేముంది. అద్దం మార్చిన తర్వాత వైపర్లు పిచ్చిగా ఆడినా, అసలు ఆడకపోయినా సెన్సర్ పాడైందని కొత్తది కొననక్కర్లేదు. ముందు బయటి నుంచి ఆ కిటికీలోకి టార్చిలైటు వేసి చూడాలి. వెండి రంగులో మెరిసే మచ్చలు కనిపిస్తే అవి గాలి బుడగలు. కొత్త జెల్ పొర వేయించి, కారు మోడల్‌ను బట్టి అవసరమైతే సెన్సర్‌ను, కారు ఎలక్ట్రానిక్స్‌ను పరీక్షించే స్కానర్‌తో తిరిగి సరిచేయించాలి. ఆ తర్వాత మీటను ఆటోలో ఉంచి, చేతులు వైపర్లకు దూరంగా పెట్టి, పిచికారీ సీసాతో కిటికీ మీద నాలుగు చుక్కలు కొట్టి చూడాలి. కారు తీసుకుని బయలుదేరే ముందు, వర్క్‌షాపులోనే ఈ పరీక్ష చేయమని అడగాలి.